సాకెట్టు మాట నమ్మకండి: పాత కంప్యూటర్ల వీడియో ప్రమాణం తేల్చడం గురించి

"వెనకాల తొమ్మిది పిన్నుల సాకెట్టు ఉంది, కాబట్టి ఇది సీజీఏ." పాత కంప్యూటర్లు సేకరించేవాళ్ల మధ్య ఈ మాట తరచూ వినిపిస్తుంది. సీజీఏ అంటే ఐబీఎం పీసీ తెరకు రంగుల బొమ్మ పంపే పద్ధతుల్లో ఒకటి. చాలాసార్లు ఆ జవాబు సరిపోతుంది కూడా. నా అభ్యంతరం జవాబు మీద కాదు, అందులోని 'కాబట్టి' మీద. తొమ్మిది పిన్నులను చూసి సీజీఏ అని తేల్చడానికి ఏ ఆధారమూ లేదు. జవాబు సరిపోయిన రోజు అది అదృష్టం. సరిపోని రోజు, దాదాపు నలభై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక మానిటర్ కాలిపోతుంది. అలాంటి మానిటర్లను ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు.

వీడియో ప్రమాణం, అంటే కంప్యూటర్ తెరకు బొమ్మ పంపే పద్ధతి, సాకెట్టు ఆకారంలో ఉండదు, డబ్బా కింద అంటించిన చీటీలోనూ ఉండదు. అది పూర్తిగా కాలానికి సంబంధించిన లెక్క. యంత్రం సెకనుకు ఎన్ని లైన్లు పంపుతోంది, ఎన్ని ఫ్రేములు పంపుతోంది, ఒక్కో లైనులో ఎన్ని చుక్కల కాలం ఉంది, రంగుని ఏ పద్ధతిలో కలుపుతోంది, ఏ వోల్టేజీలో పంపుతోంది అన్నవి విడివిడి ప్రశ్నలు. వీటిలో ఒకదానికి దొరికిన జవాబు మిగతావాటికి చెల్లదు. ఇవి తేలాకే మానిటర్ తగిలించాలని నేను గట్టిగా నమ్ముతాను. "ముందు తగిలించి చూద్దాం, బొమ్మ రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం" అనే పద్ధతిని నేను ఒప్పుకోలేను.

ఆ తొమ్మిది పిన్నుల సాకెట్టు సంగతే చూద్దాం. ఐబీఎం 1981లో పీసీని విడుదల చేసినప్పుడు దానికి రెండు డిస్‌ప్లే కార్డులు ఇచ్చింది. ఒకటి అక్షరాలకు మాత్రమే పనికొచ్చే ఎండీఏ, రెండోది రంగులకు సీజీఏ. రెండింటికీ ఒకే ఆకారం సాకెట్టు. ఎండీఏ సెకనుకు సుమారు 18,432 లైన్లు, 50 ఫ్రేములు పంపుతుంది. సీజీఏ 15,700 లైన్లు, 60 ఫ్రేములు పంపుతుంది. 1984లో ఈజీఏ వచ్చింది, మళ్లీ అదే సాకెట్టుతో. దాని 350 లైన్ల మోడ్‌లో సెకనుకు సుమారు 21,850 లైన్లు వెళ్తాయి, 200 లైన్ల మోడ్‌లోకి మారితే సీజీఏ వేగానికి దిగుతుంది. అదే ఏడాది ఐబీఎం తెచ్చిన ఖరీదైన ప్రొఫెషనల్ గ్రాఫిక్స్ కార్డు కూడా తొమ్మిది పిన్నులతోనే వచ్చింది, కానీ అందులో వెళ్లేది డిజిటల్ సంకేతం కాదు, అనలాగ్. లైన్ల వేగం 30 కిలోహెర్ట్జ్‌కి పైనే. ఒకే రంధ్రం నుంచి ఒకదానితో ఒకటి పొసగని నాలుగు సంకేతాలు వస్తున్నాయన్నమాట.

పిన్నులు కూడా ఇలాగే మోసం చేస్తాయి. 8, 9 పిన్నుల్లో అడ్డు, నిలువు సింక్ సంకేతాలు (కొత్త లైను, కొత్త ఫ్రేము ఎప్పుడు మొదలుపెట్టాలో తెరకు చెప్పేవి) ఉంటాయన్నది ఎండీఏ, సీజీఏ, ఈజీఏ మూడింటికీ ఉమ్మడి. మిగతావి మారతాయి. సీజీఏలో 3, 4, 5 పిన్నులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, 6 వెలుగు పెంచేది. ఎండీఏలో ఆ మూడూ ఖాళీ, బొమ్మ 7వ పిన్నులో వస్తుంది. ఇక 2వ పిన్ను చూడండి. సీజీఏలో అది గ్రౌండ్, ఈజీఏలో రెండో ఎరుపు సంకేతం. ఈజీఏ కార్డుకి సీజీఏ మానిటర్ తగిలిస్తే ఆ ఎరుపు సంకేతం నేరుగా గ్రౌండ్‌లోకి పోతుంది. అందుకే ఐబీఎం తన ఈజీఏ కార్డు మీద ఆ పిన్ను పని మార్చడానికి ఒక జంపర్ (తొడిగి తీయగలిగే చిన్న కలుపుడు ముక్క) పెట్టింది. వెనక పట్టీ మీద ఏ మానిటర్ తగిలించారో చెప్పే నాలుగు చిన్న స్విచ్‌లు కూడా ఉన్నాయి. కార్డు దొరికితే నేను ముందు చూసేది ఆ స్విచ్‌లనే. పాత యజమాని దగ్గర ఏ మానిటర్ ఉండేదో అవి చెబుతాయి.

అదే ఈజీఏ కార్డు మీద రెండు గుండ్రటి ఆర్‌సీఏ సాకెట్లు కూడా ఉంటాయి. సీజీఏ కార్డు మీద అలాంటి సాకెట్టులో కాంపోజిట్ వీడియో (రంగూ, సింకూ అన్నీ ఒకే వైరులో కలిపి పంపే సంకేతం) వస్తుంది కాబట్టి ఇక్కడా వస్తుందనుకుని టీవీకి వైరు పెట్టేవాళ్లున్నారు. ఏమీ రాదు. అవి కార్డు మీదున్న ఫీచర్ కనెక్టర్‌కి వెళ్లే ఖాళీ దారులు, అంతే. వేరే కార్డు ఏదైనా అక్కడ చేరితే తప్ప వాటిలో సంకేతం ఉండదు. కార్డు చచ్చిపోయిందనుకుని పక్కన పడేయడానికి ఈ ఒక్క అపార్థం చాలు.

తప్పు మానిటర్ తగిలిస్తే బొమ్మ చెదిరిపోవడంతో సరిపెట్టుకోవచ్చనే ధైర్యం చాలామందికి ఉంది. కొత్త మానిటర్ల విషయంలో అది నిజమే. వాటికి నచ్చని వేగం వస్తే తెర నల్లబరుచుకుని ఊరుకుంటాయి. ఎండీఏతో వచ్చిన ఐబీఎం 5151 అలాంటిది కాదు. అడ్డు స్కానింగ్‌కి దానికి సొంత ఆసిలేటర్, అంటే తనంతట తాను తాళం ఇచ్చే సర్క్యూట్, లేదు. కార్డు పంపే సింక్ పల్సులే ఆ సర్క్యూట్‌ని నేరుగా నడుపుతాయి. 18 కిలోహెర్ట్జ్‌కి సరిపడేలా కట్టిన ఆ సర్క్యూట్‌కి సీజీఏ వేగం ఇస్తే ట్రాన్సిస్టర్, హైవోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. ఆకుపచ్చ అక్షరాలు నెమ్మదిగా ఆరిపోయే ఆ తెరను ఇష్టపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని తీరాలి.

మరి ఎలా తేల్చాలి? నా మొదటి సాక్షి క్రిస్టల్, అంటే బోర్డుకి స్థిరమైన తాళం ఇచ్చే భాగం. బోర్డు మీద వెండి రంగు రేకు డబ్బీలా ఉండే ఆ భాగం మీద ఫ్రీక్వెన్సీ అచ్చువేసి ఉంటుంది. ఎండీఏ కార్డు మీద 16.257 మెగాహెర్ట్జ్ కనిపిస్తుంది. అందులో ఒక్కో లైనుకి 882 చుక్కల కాలం పడుతుంది. కనిపించేవి 720, మిగతాది అంచులకీ కిరణం వెనక్కి తిరిగి రావడానికీ పోతుంది. 16.257 మెగాహెర్ట్జ్‌ని 882తో భాగించండి, 18.43 కిలోహెర్ట్జ్ వస్తుంది. ఈజీఏ కార్డు మీద కూడా అదే 16.257 క్రిస్టల్ ఉంటుంది, కానీ దాని 350 లైన్ల రంగుల మోడ్‌లో లైనుకి 744 చుక్కలే. భాగిస్తే 21.85 కిలోహెర్ట్జ్. క్రిస్టల్ ఒకటే, భాగహారం వేరు. అందుకే క్రిస్టల్ సాక్ష్యం ముఖ్యమైనదే గాని, ఒంటరిగా చాలదు. ఈజీఏ తర్వాత వచ్చిన వీజీఏ ప్రమాణం దగ్గరకు వస్తే కొంత సుఖం. 25.175, 28.322 అని రెండు క్రిస్టల్స్ పక్కపక్కనే కనిపిస్తే ఇక అనుమానించే పని లేదు. మొదటిదాన్ని 800తో, రెండోదాన్ని 900తో భాగించినా ఒకే సంఖ్య వస్తుంది, 31.469 కిలోహెర్ట్జ్. లైన్ల వేగం మారకుండా లైనులో చుక్కల సంఖ్య మార్చుకునేందుకు ఐబీఎం ఇంజినీర్లు 1987లో వేసిన ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

అందరినీ తప్పుదారి పట్టించే క్రిస్టల్ ఒకటుంది: 14.31818. ఇది అమెరికా పాత టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో రంగుని మోసే 3.579545 మెగాహెర్ట్జ్‌కి సరిగ్గా నాలుగు రెట్లు. కాబట్టి అది కనిపించగానే 'ఎన్‌టీఎస్‌సీ యంత్రం' అనేస్తారు. టీవీకి కలిపే ఇంటి కంప్యూటర్ విషయంలో ఈ ఊహకు బలముంది. ఐబీఎం పీసీ వంశం విషయంలో ఏ బలమూ లేదు. పీసీలో ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్ ఎందుకయిందంటే, ఆ 14.318ని మూడుతో భాగించారు కనుక. టైమర్ చిప్పు 1.193 మెగాహెర్ట్జ్‌తో నడిచేది దాన్నే పన్నెండుతో భాగించినందుకు. ఆ తర్వాత వచ్చిన అనుకూల బోర్డులన్నీ ఆ క్రిస్టల్‌ని మోసుకుంటూ వచ్చాయి. టీవీతో ఏ సంబంధమూ లేని బోర్డుల మీదా, వీజీఏ కాలపు కార్డుల మీదా అది కనిపిస్తుంది. దాని పొరుగున ఉండే సంఖ్యలను కూడా జాగ్రత్తగా చదవాలి. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ మీద ఉండేది 14.000, దానికి రంగు ఇచ్చేది వేరే 4.4336 క్రిస్టల్. యూరప్ కోసం చేసిన ఆపిల్ 2 యూరోప్లస్‌లో ఉండేది 14.250. రేకు మీద అరిగిపోయిన అంకెల్లో మొదటి రెండే కనిపించి, మిగతావి మనసులో పూరించుకుంటే మూడు వేర్వేరు యంత్రాలు ఒకటే అయిపోతాయి.

టీవీ ప్రమాణాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎన్‌టీఎస్‌సీలో సెకనుకు 15,734 లైన్లు, యూరప్‌లో చాలా దేశాలు వాడిన పాల్ టీవీ పద్ధతిలో 15,625. తేడా ఒక శాతం కూడా లేదు. లైన్ల వేగం కొలిచి ఇది పాల్, అది ఎన్‌టీఎస్‌సీ అని చెప్పడం కుదరదు. ఫ్రేముల వేగం చూడాలి. 50 వస్తే 625 లైన్ల కుటుంబం, 60 వస్తే 525 లైన్ల కుటుంబం. అది తేలాక కూడా రంగు సంగతి తేలలేదు. బ్రెజిల్ వాడిన పాల్-ఎం పద్ధతిలో లైన్లూ ఫ్రేములూ అమెరికావి, రంగు కలిపే తీరు పాల్‌ది. అర్జెంటీనా పాల్-ఎన్ పద్ధతిలో 625 లైన్లు, 50 హెర్ట్జ్, కానీ రంగుని మోసే ఫ్రీక్వెన్సీ 4.43 కాదు, 3.58కి దగ్గరగా ఉంటుంది. ఫ్రాన్స్ సెకామ్ దారి పూర్తిగా వేరు. '50 హెర్ట్జ్ యంత్రం' అనాల్సిన చోట 'పాల్ యంత్రం' అనడం మనకు అలవాటైపోయింది. ఆర్‌జీబీ వైరుతో, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపే వైరుతో, కలిపే యంత్రంలో పాల్ అన్నది అసలు లేనే లేదు. అక్కడ రంగు కలపడం అనే పనే జరగదు.

చీటీ మీద '220-240 వోల్ట్లు, 50 హెర్ట్జ్' అని ఉంటుంది. అది గోడలోంచి వచ్చే కరెంటు సంగతి. దాన్ని వీడియో ప్రమాణానికి సాక్ష్యంగా చూపించేవాళ్లకు నేను ప్రతిసారీ ఇదే చెబుతాను: పవర్ సప్లై ఎవరైనా మార్చి ఉండవచ్చు, మార్చకపోయినా బోర్డు మీద క్రిస్టల్‌కి ఆ చీటీతో సంబంధం లేదు.

దగ్గర నుంచి చూడదగ్గ యంత్రం 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమడోర్ 64. అడుగున మూడు మరలు విప్పి మూత ఎత్తితే కీబోర్డు దానితోనే పైకి లేస్తుంది. చాలా బోర్డుల్లో వీడియో చిప్పు ఒక రేకు పెట్టెలో దాగి ఉంటుంది. పెట్టె మూత తీస్తే చిప్పు వీపు మీద తెల్లటి వేడి పేస్టు, అచ్చు కనిపించకుండా కప్పేసి ఉంటుంది. మెత్తటి గుడ్డతో నెమ్మదిగా తుడవాలి. 6567 అని ఉంటే ఎన్‌టీఎస్‌సీ, 6569 అని ఉంటే పాల్. తర్వాతి నమూనాల్లో ఇవి 8562, 8565. కింది వరుసలో ఉండే నాలుగంకెలను చూసి తికమకపడవద్దు, అవి చిప్పు తయారైన వారం, సంవత్సరం. చిప్పు చదివాక క్రిస్టల్ కూడా చదవాలి: పాల్‌కి 17.734, ఎన్‌టీఎస్‌సీకి 14.318. రెండూ ఒకే మాట చెబితే సరే. చెప్పకపోతే మధ్యలో ఎవరో చిప్పు ఒక్కటే మార్చారని అర్థం. ఆ స్థితిలో రంగు సరిగా రాదు.

ఈ యంత్రం తన ప్రమాణాన్ని తానే ఎలా కనుక్కుంటుందో తెలిసినప్పటి నుంచి నా వాదన మీద నాకు నమ్మకం పెరిగింది. బేసిక్‌లో పీక్ ఆదేశంతో మెమరీలో 678వ స్థానం చదివితే ఎన్‌టీఎస్‌సీకి 0, పాల్‌కి 1 వస్తుంది. ఆ అంకెను ఎవరూ ముందుగా రాసి పెట్టలేదు. యంత్రం మేల్కొన్నప్పుడు దాని కెర్నల్ ప్రోగ్రామ్ వీడియో చిప్పుని 311వ లైను వచ్చినప్పుడు చెప్పమని అడిగి ఎదురుచూస్తుంది. పాల్ చిప్పు ఫ్రేముకి 312 లైన్లు గీస్తుంది కాబట్టి ఆ లైను వస్తుంది. ఎన్‌టీఎస్‌సీ చిప్పు 263 దగ్గరే ఆగి మళ్లీ మొదలుపెడుతుంది, కాబట్టి ఎంతసేపు చూసినా ఆ లైను రాదు. యంత్రమే తన చీటీని నమ్మకుండా లైన్లు లెక్కపెట్టుకుంటోంది.

మనమూ అలా లెక్కపెట్టవచ్చు, ఖరీదైన సామాను అక్కర్లేదు. మానిటర్ లేకుండా యంత్రాన్ని ఆన్ చేసి, ఆసిల్లోస్కోప్‌తోగాని ఫ్రీక్వెన్సీ కొలిచే మల్టీమీటర్‌తోగాని సింక్ పిన్నుల దగ్గర చూస్తే చాలు. 15.7, 18.4, 21.8, 31.5 కిలోహెర్ట్జ్ అన్నవి ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయంటే, మామూలు మీటర్ కూడా వాటి మధ్య పొరపాటు పడదు. ఎక్కువమంది పట్టించుకోని ఆధారం ఇంకొకటి ఉంది. అదే మీటర్‌ని డీసీ వోల్ట్లకు మార్చి అదే పిన్ను మీద పెట్టండి. సింక్ పల్సు సన్నగా ఉంటుంది కాబట్టి, పైకి లేచే పల్సు అయితే సగటు సున్నాకి దగ్గరగా చూపిస్తుంది, కిందికి దిగే పల్సు అయితే పై వోల్టేజీకి దగ్గరగా చూపిస్తుంది. సీజీఏలో రెండు సింక్‌లూ పైకి లేచేవే. ఈజీఏ 350 లైన్ల మోడ్‌లో నిలువు సింక్ తలకిందులవుతుంది, మానిటర్ వేగం మార్చుకునేది దాన్ని చూసే. వీజీఏ కూడా ఇదే పద్ధతి పాటించింది. 480 లైన్లకు రెండూ కిందికి, 400 లైన్లకు నిలువు సింక్ ఒక్కటి పైకి, 350 లైన్లకు అడ్డు సింక్ ఒక్కటి పైకి. మీటర్ వైరు మొన రెండుసార్లు ఆనిస్తే ఇంత సమాచారం దొరుకుతుంటే, తగిలించి చూసే తొందరెందుకు?

మెషీన్ కన్నా మానిటరే ప్రమాణాన్ని నిర్ణయించే సందర్భాలూ ఉన్నాయి. అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌కి పదమూడు పిన్నుల గుండ్రటి సాకెట్టు ఒకటే. నలుపు తెలుపు మానిటర్ తగిలిస్తే అది 4వ పిన్నుని గ్రౌండ్‌కి కలుపుతుంది, వెంటనే యంత్రం 640x400 చుక్కలు, సుమారు 71 హెర్ట్జ్‌కి మారుతుంది. రంగుల మానిటర్ తగిలిస్తే టీవీ వేగంలో నడుస్తుంది. దాన్ని పట్టుకుని 'నీ ప్రమాణం ఏమిటి' అని అడిగితే ఒక జవాబు లేదు. వర్క్‌స్టేషన్ల 13డబ్ల్యూ3 సాకెట్టు గురించి ఒక్క మాటే చెబుతాను: సన్, సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీలు రెండూ ఆ ఆకారాన్ని వాడాయి, పిన్నుల అమరిక మాత్రం వేర్వేరు.

నాకు ఎదురుగా వచ్చే బలమైన వాదన ఒకటుంది. ఇప్పుడు దొరికే కన్వర్టర్లు ఏ సంకేతం ఇచ్చినా తామే గుర్తుపట్టి కొత్త తెరకు పంపుతాయి కదా, ఇంత శ్రమ దేనికి అని. మంచి కన్వర్టర్లంటే నాకూ గౌరవమే, వాడుతున్నాను కూడా. కానీ వాటిలో చాలావరకు 0.7 వోల్ట్ల అనలాగ్ సంకేతం కోసం చేసినవి. ఎండీఏ, సీజీఏ, ఈజీఏ పంపేది 5 వోల్ట్ల డిజిటల్ సంకేతం, నేరుగా కలపకూడదు. మధ్యలో సరైన సర్క్యూట్ పెట్టి కలిపినా, కన్వర్టర్ కనిపెట్టగలిగేది లైన్లనూ ఫ్రేములనూ. లైనులో ఎన్ని చుక్కలున్నాయో సంకేతంలో ఎక్కడా రాసి ఉండదు. సీజీఏ లైనుని 912 ముక్కలుగా కొలిస్తే ప్రతి చుక్కా దాని చోట కూర్చుంటుంది. 858 ముక్కలుగా కొలిస్తే అక్షరాల నిలువు గీతలు ఒకచోట పదునుగా, ఒకచోట మసకగా వస్తాయి, తెర నిండా నిలువు చారలు తేలతాయి. ఆ 912 అన్న సంఖ్యని కన్వర్టర్‌కి మనమే చెప్పాలి. అది చెప్పాలంటే కార్డు ఏమిటో ముందు తెలియాలి.

ఇక తెరకు సరిపోయేలా యంత్రాన్నే మార్చేయడం, అంటే క్రిస్టల్, చిప్పు పీకి వేరేవి పెట్టడం. దీన్ని నేను వ్యతిరేకిస్తాను. ఫ్రేముల లెక్కతో నడిచే పాట 50 హెర్ట్జ్ కోసం రాసినదైతే, 60లో అయిదో వంతు వేగం పెరిగి వినిపిస్తుంది. కమడోర్ 64 పాల్ యంత్రంలో లైనుకి 63 ప్రాసెసర్ సైకిళ్లు, చివరి ఎన్‌టీఎస్‌సీ చిప్పుతో 65. ఆ సైకిళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి రాసిన ప్రోగ్రాములు రెండో రకం యంత్రంలో చెదిరిపోతాయి. ఆ ప్రోగ్రాము రాసినవాడు చూసిన తెర ఏదో, మనమూ అదే చూడాలంటే బోర్డుని అలాగే ఉంచి, తెరను వెతుక్కోవాలి.

మార్చేసిన యంత్రాలు ఎలాగూ తిరుగుతూనే ఉంటాయి. కమడోర్ అమీగా కంప్యూటర్లలో వీడియో కాలాన్ని నడిపే 8372ఏ అగ్నస్ చిప్పు ఉన్నవి ఒక జంపర్‌తో 50, 60 హెర్ట్జ్‌ల మధ్య మారతాయి, కానీ క్రిస్టల్ మారదు. పాల్ బోర్డు మీద 28.375, ఎన్‌టీఎస్‌సీ బోర్డు మీద 28.636. అలాంటి యంత్రం 60 హెర్ట్జ్ చూపిస్తున్నప్పుడు దాన్ని ఒక్క పేరుతో పిలవడం కుదరదు. అందుకే యంత్రం ఇంకొకరికి ఇచ్చేటప్పుడు 'పాల్' అనో 'ఎన్‌టీఎస్‌సీ' అనో రాసి ఇవ్వవద్దని అడుగుతున్నాను. చిప్పు మీద చదివిన సంఖ్య, క్రిస్టల్ మీద చదివిన సంఖ్య, సింక్ పిన్నుల దగ్గర కొలిచిన లైన్ల వేగం, ఫ్రేముల వేగం, పల్సుల దిశ రాయండి. జంపర్లు ఏ స్థితిలో ఉన్నాయో రాయండి, కొలిచిన తేదీ వేయండి. ఆ కాగితాన్ని డబ్బా పైన అంటించవద్దు, డబ్బాలు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మారిపోతుంటాయి. లోపల బోర్డుకే కట్టండి.